మూడు-ఏడు గేరులో ఎండాడ ఎత్తు ఎక్కొచ్చా?

సైకిల్ షాపు నుంచి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గేర్ల గురించే. అందుకని సీట్లు, పంక్చర్లు, హెల్మెట్ల సంగతి వచ్చే నెలకి వాయిదా. మా నాన్న విశాఖలో షాపు పెట్టిన రోజుల్లో ఇది గంటల లెక్కన అద్దె సైకిళ్లిచ్చే కొట్టు. ఆయనకి గేర్ల గొడవే లేదు. ఇప్పుడు నా దగ్గరికి రిపేరుకొచ్చే సైకిళ్లలో గేర్లు లేనిది అరుదు. వాటిలో చాలామటుకు ఏ గేరులో వస్తాయో వాటిని అమ్మిన రోజే చెప్పేయొచ్చు.

అక్కా, నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఈమధ్యే 21 గేర్ల సైకిల్ కొన్నాను. ఎప్పుడూ ఎడమ చేతిది 3లో, కుడి చేతిది 7లో పెట్టి తొక్కుతాను. హనుమంతవాక నుంచి ఎండాడ వైపు వచ్చే అప్పులో, అదే ఎత్తు రోడ్డులో, సగానికే పిక్కలు పట్టేసి, దిగి తోసుకుంటున్నాను. చిన్న గేర్లలో పెడితే కాళ్లు ఊరికే తిరుగుతాయి తప్ప సైకిల్ ముందుకి పోదు. పైగా ఫ్రెండ్స్ నవ్వుతారు. అసలు ఏ గేరు ఎప్పుడు వాడాలి?
— విద్యార్థి, విశాఖపట్నం

తమ్ముడూ, నేను పైన చెప్పిన 'చాలామటుకు'లో నువ్వూ ఉన్నావు. మూడు-ఏడులో పెట్టి మర్చిపోవడం మన ఊళ్లో అందరికీ ఉన్న అలవాటే. మోటార్ సైకిల్ మీద టాప్ గేరులో అప్పు ఎక్కితే ఇంజన్ కొట్టుకుంటుంది. ఆ చప్పుడు వినగానే ఎవరూ చెప్పకుండానే గేరు తగ్గిస్తావు. సైకిల్‌కి ఇంజన్ నీ కాళ్లే. అవి కొట్టుకుంటున్నా నువ్వు ఎందుకు తగ్గించవు?

కాస్త లెక్క చూద్దాం. 21 గేర్ల సైకిళ్లలో ఎక్కువ వాటికి ముందు, పెడల్ దగ్గర, మూడు పళ్ల చక్రాలుంటాయి: 42, 34, 24 పళ్లతో. వెనక చక్రం మీది పళ్ల చక్రాల గుత్తిలో, అంటే ఫ్రీవీల్లో, ఏడు: అన్నిటికంటే చిన్నదానికి 14 పళ్లు, పెద్దదానికి 28. నీది వేరేలా ఉంటే కూర్చుని లెక్కపెట్టు, అయిదు నిమిషాల పని. ఇప్పుడు మూడు-ఏడు అంటే ముందు 42, వెనక 14. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం మూడు చుట్లు తిరుగుతుంది. 27.5 అంగుళాల చక్రం ఒక చుట్టుకి సుమారు 2.15 మీటర్లు నడుస్తుంది కాబట్టి, నువ్వు ఒక్క చుట్టు తొక్కితే సైకిల్ దాదాపు ఆరున్నర మీటర్లు పోవాలి. ఒకటి-ఒకటిలో ముందు 24, వెనక 28. ఒక చుట్టుకి 1.85 మీటర్లే. రెండింటికీ తేడా సరిగ్గా మూడున్నర రెట్లు. అంటే ఒకే అప్పులో, మూడు-ఏడులో పెడల్ మీద వేయాల్సిన బలం ఒకటి-ఒకటిలో కంటే మూడున్నర రెట్లు ఎక్కువ.

ఎండాడ అప్పులో నీ వేగం గంటకి 8 కిలోమీటర్లకి పడిపోయిందనుకో. మూడు-ఏడులో ఆ వేగానికి నీ కాలు నిమిషానికి ఇరవై చుట్లే తిరుగుతుంది. ఒక్కో తొక్కుడూ ఒంటికాలి మీద గుంజీ తీసినట్టే. అదే వేగంతో, అదే రోడ్డు మీద, ఒకటి-ఒకటిలో ఉంటే డెబ్బై పైన చుట్లు తిరుగుతుంది. పని మొత్తం ఒకటే, కానీ ఇరవై పెద్ద ముక్కలుగా కాకుండా డెబ్బై చిన్న ముక్కలుగా చేస్తున్నావు. ఆయాసం కొంచెం వస్తుంది, పిక్కలు మాత్రం పట్టెయ్యవు. ఆయాసం తీరడానికి రెండు నిమిషాలు చాలు. పట్టేసిన పిక్క రాత్రి నిద్రలో కూడా లేపుతుంది.

కాళ్లకి ఇబ్బంది లేని వేగం మామూలు మనుషులకి నిమిషానికి 70 నుంచి 90 చుట్లు. దీనికి మీటరేమీ అక్కర్లేదు. కుడి మోకాలు పైకొచ్చిన ప్రతిసారీ ఒకటి అని లెక్కపెట్టు, పదిహేను సెకన్లు. 20 వస్తే నిమిషానికి 80. 12, 13 వస్తుంటే గేరు బరువైంది, ఒక నంబరు తగ్గించు. 25 దాటి సీటు మీద ఎగిరెగిరి పడుతుంటే తేలికైంది, ఒక నంబరు పెంచు. ఏ గేరు ఎప్పుడు అనే ప్రశ్నకి నా దగ్గరున్న జవాబంతా ఇదే. రోడ్డు ఎలా ఉంది, ఎంత స్పీడులో పోతున్నాను అని కాదు, మోకాలు ఎంత జోరుగా తిరుగుతోందో చూసుకో.

'కాళ్లు ఊరికే తిరుగుతాయి' అన్నావు. అదీ నిజమే. చదునైన రోడ్డు మీద ఒకటి-ఒకటిలో 80 చుట్లు తిప్పినా గంటకి 9 కిలోమీటర్లే. ఆ గేరు అక్కడికి కాదు. బీచ్ రోడ్డు మీద ఎడమది 2లో పెట్టి, కుడిది 5లో పెట్టి, అదే 80 చుట్లు తిప్పి చూడు. ముందు 34, వెనక 18. గంటకి 19, 20 కిలోమీటర్లు వస్తుంది, చెమట పట్టకుండా. సముద్రపు గాలి ఎదురైతే కుడిది 4కో 3కో దించు, వెనక నుంచి తోస్తుంటే 6కి పెంచు. ఎడమ చేయి ఊళ్లో చాలావరకు 2 మీదే ఉండాలి. నిజమైన అప్పు వచ్చినప్పుడు 1, డౌన్లోనో గాలి వీపు మీద ఉన్నప్పుడో 3.

ఇక మార్చే పద్ధతి. అప్పు మొదలయ్యాక, కాలు ఆగిపోబోతుండగా మారుస్తావు కదా, అప్పుడే టక్‌మని విరిగినంత చప్పుడొస్తుంది. చైను మీద నీ బరువంతా ఉన్నప్పుడు అది పక్క పళ్ల మీదికి ఎలా ఎక్కుతుంది? అప్పు కనబడగానే, ఇంకా జోరు ఉండగానే మార్చు. మార్చే క్షణంలో పెడల్ ఆపకు, తిప్పుతూనే ఉండు, కానీ దాని మీద బలం సగానికి తగ్గించు. ముందు చక్రాన్ని 2 నుంచి 1కి దించగానే కాళ్లు ఒక్కసారి గాల్లో తిరిగినట్టవుతుంది. దానికి భయపడి మళ్లీ 2కి ఎక్కించేవాళ్లని రోజూ చూస్తాను. ఎడమది దించిన వెంటనే కుడిది ఒకటో రెండో నంబర్లు పెంచు, కాలు జోరు మారకుండా ఉంటుంది. తర్వాత అప్పు బలపడే కొద్దీ కుడిది ఒక్కొక్కటే దించుకుంటూ పో.

మూడు-ఒకటిలో, ఒకటి-ఏడులో మాత్రం తొక్కకు. ముందు పెద్దదాని నుంచి వెనక పెద్దదానికి చైను ఏటవాలుగా సాగి ఉంటుంది, గరగరమని రాసుకుంటుంది, తొందరగా అరుగుతుంది. వాటితో లాభం కూడా లేదు. 42కి 28 జత చేసినా, 24కి 16 జత చేసినా వచ్చే బరువు ఒక్కటే: పెడల్ ఒక చుట్టుకి వెనక చక్రం ఒకటిన్నర చుట్లు. ఇలా ఒకదానికొకటి నకళ్లు తీసేస్తే నీ 21లో మిగిలేవి డజనుకి కాస్త అటూ ఇటూ. డబ్బా మీద 21 అని పెద్ద అక్షరాలతో వేసేది అమ్ముకోడానికి, తొక్కడానికి కాదు.

ఫ్రెండ్స్ నవ్వుతారా? టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు మొదలుపెట్టిన హెన్రీ దెగ్రాంజ్‌కి కూడా గేర్లంటే చిన్నచూపే. 1937 వరకు ఆ పోటీలో డిరైలర్లు, అంటే చైనుని ఒక పళ్ల చక్రం మీంచి పక్కదాని మీదికి జరిపే గేరు పరికరాలు, వాడనివ్వలేదు. అంతకుముందు రేసర్లు కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండో వైపుకి తిప్పి బిగించుకునేవాళ్లు, ఆ వైపున్న ఎక్కువ పళ్ల కోసం. మీ ఫ్రెండ్స్‌ని ఒకసారి అలా ఎక్కి చూపించమను.

మేడమ్, సిగ్నల్ పడి మళ్లీ బయల్దేరేటప్పుడు పెడల్ కదలడమే కష్టంగా ఉంటోంది. వెనక బస్సు హారన్, టెన్షన్. ఆగి ఉన్నప్పుడు గేరు తగ్గిస్తే పెద్ద చప్పుడుతో చైను జారుతోంది.
— ప్రైవేటు ఉద్యోగి, విజయవాడ

ఆగాక కాదండీ, ఆగే ముందే. ఈ రకం గేర్లు పెడల్ తిరుగుతుంటేనే మారతాయి. ఆగి ఉన్నప్పుడు మీట నొక్కితే తీగ మాత్రం లాగుతుంది, చైను అక్కడే ఉంటుంది. మీరు బలంగా తొక్కిన మొదటి తొక్కుడుకి అది ఎగిరి పడుతుంది. ఎర్ర దీపం దూరం నుంచి కనబడగానే ఒక చేత్తో బ్రేకు, ఇంకో చేత్తో కుడి గేరు రెండు, మూడు నంబర్లు కిందికి. ఆగేసరికి 3లోనో 2లోనో ఉండాలి. మర్చిపోయి పెద్ద గేరులోనే ఆగిపోతే సీటు దిగి, వెనక చక్రం కొద్దిగా పైకెత్తి, చేత్తో పెడల్ రెండు చుట్లు తిప్పండి. బస్సు డ్రైవరు ఆ నాలుగు సెకన్లు ఆగుతాడు.

అమ్మా, నా వయసు 64. హైస్కూలు టీచరుగా రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గేరు లేని సైకిలే తొక్కాను. మా అబ్బాయి ఇప్పుడు గేర్ల సైకిలు కొనిచ్చాడు: ముందు ఒకటే చక్రం, వెనక ఏడు. పొద్దున్నే రోడ్ కం రైలు వంతెన మీదుగా కొవ్వూరు దాకా వెళ్లి వస్తున్నాను. గోదావరి మీద ఎదురుగాలి వేస్తే మోకాలి ముందు భాగం నొప్పిగా ఉంటోంది. గేర్లు మార్చాలంటే ఏదో పాడు చేస్తానేమోనని భయం, ఒకే దాంట్లో ఉంచేస్తున్నాను. ఏ నంబరులో స్థిరంగా పెట్టేస్తే మంచిది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

మాస్టారూ, స్థిరంగా ఒకే నంబరు కావాలంటే మీ పాత సైకిలే మంచిది, దానికి చెడిపోయే భాగాలు తక్కువ. పెట్టుకున్నందుకు ఏడూ వాడండి.

మీ పాత సైకిల్లాంటివి మా షాపుకి ఇప్పటికీ వస్తాయి. వాటిలో పెడల్ ఒక చుట్టుకి సైకిల్ అయిదూ, అయిదున్నర మీటర్లు పోతుంది. ఇప్పటి సైకిల్లో ముందు 42 పళ్లుంటే అది 5, 6 నంబర్లకి సమానం. మీ కాళ్లకి అదే అలవాటు కనుక మీరు వదిలేసిన నంబరు బహుశా అక్కడెక్కడో ఉంటుంది. మిట్టలూ పల్లాలూ లేని ఊరి రోడ్డుకి అది సరిపోతుంది. వంతెన మీద కథ వేరు. మీరు గంటకి 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు, ఎదురుగాలి కూడా గంటకి 15 అనుకోండి. మీ ఛాతీకి తగిలే గాలి 30. గాలి ఒత్తిడి వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుందని మీరు పిల్లలకి చెప్పే ఉంటారు. నాలుగింతల ఒత్తిడిని పాత గేరులోనే నెట్టుకుపోతే ఆ భారమంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. గాలి తగలగానే రెండు నంబర్లు దించండి. అయినా బరువుగా ఉంటే ఇంకొకటి. వేగం పడిపోతుంది, పడనివ్వండి. కొవ్వూరు ఎక్కడికీ పోదు. కాళ్లు మాత్రం చదును రోడ్డు మీద తిరిగినంత జోరుగానే తిరగాలి.

పాడు చేస్తారనే భయం వద్దు. పూర్వం గేరు మీటకి ఆగే చోటు ఉండేది కాదు, చెవితో వింటూ సర్దుకోవాల్సి వచ్చేది. 1984లో జపాన్ కంపెనీ షిమానో వాళ్లు తమ రేసు సైకిల్ గేర్లలో ఒక్క నొక్కుకి ఒక్క గేరు చొప్పున 'టిక్' అని ఆగే ఏర్పాటు తెచ్చారు. ఆ పద్ధతే ఇప్పుడు మీ సైకిల్ దాకా వచ్చింది. అయినా ఒకసారి కళ్లతో చూస్తే ధైర్యం వస్తుంది. ఇంట్లో ఎవరినైనా సీటు పట్టుకుని వెనక చక్రం నేల మీంచి పైకెత్తి ఉంచమనండి. మీరు కుడి చేత్తో పెడల్ నిదానంగా తిప్పుతూ, ఎడమ చేత్తో మీట నొక్కండి. కింద వేలాడే రెండు చిన్న పళ్ల చక్రాలు లోపలికి జరుగుతాయి, చైను పక్క చక్రం అంచు మీద ఒక్క క్షణం తటపటాయించి ఎక్కి కూర్చుంటుంది. 1 నుంచి 7 దాకా, 7 నుంచి 1 దాకా నాలుగు సార్లు చేయండి. నంబరు తగ్గే కొద్దీ చైను పెద్ద చక్రం మీదికి పోతుందని, పెడల్ తేలికవుతుందని చేతికే తెలుస్తుంది.

ఇంకో మాట. పాత సైకిల్ అలవాటున్నవాళ్లు రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేలా సీటు కిందికి దించుకుంటారు. మోకాలి ముందు నొప్పికి బరువు గేరు ఎంత కారణమో, కిందికి దించిన సీటూ అంతే కారణం. గోడని పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్ అన్నిటికంటే కింద ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనించండి. కాలు నిటారుగా చాపితే సరిపోవాలి. వంగి ఉంటే సీటు పెంచండి, కానీ ఒకేసారి కాదు, వారానికి అర అంగుళం చొప్పున. ఇవన్నీ చేశాక కూడా నొప్పి తగ్గకపోయినా, మోకాలు వాచినా డాక్టరుకి చూపించండి. అది నా పానా పరిధి దాటిన విషయం.

మా పాప ఏడో తరగతి. స్కూలు మూడు కిలోమీటర్లు. 21 గేర్లదే కావాలని పట్టుబట్టింది. కొనమంటారా?
— ఒక తల్లి, కాకినాడ

కాకినాడలో 21 గేర్లతో ఎక్కడానికి కొండ ఎక్కడుందమ్మా? గేరు లేనిది చాలు. లేదంటే ముందు ఒకటి, వెనక ఏడు ఉన్నది. ఒక్క చేత్తో మార్చేది కాబట్టి పిల్లకి తికమక ఉండదు. ముందు మూడు చక్రాలుంటే ఇంకో చిక్కు. మీటలున్న రకంలో కుడి బొటనవేలితో పెద్ద మీట నొక్కితే తొక్కుడు తేలికవుతుంది, ఎడమ బొటనవేలితో పెద్ద మీట నొక్కితే బరువవుతుంది. వెనక పెద్ద చక్రం తేలిక, ముందు పెద్ద చక్రం బరువు కదా, అందుకని. పెద్దవాళ్లే నెలల తరబడి తడబడతారు. మిగిలిన డబ్బుతో మంచి బ్రేకులు, మడ్‌గార్డులు, క్యారియరు ఉన్నది తీసుకోండి. స్కూలు బ్యాగు వీపు మీంచి దిగితే ఆ పిల్లకి ఏడు గేర్ల లాభం.

సైకిల్ కొని రెండు నెలలు. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు కుడి గేరు 4 నుంచి 3కి వేస్తే టకటకమని కొట్టుకుని, కాసేపాగి దానంతటదే పడుతోంది. మొన్న 1లో వేస్తే చైను పళ్లు దాటి స్పోక్ పుల్లల్లో పడి ఇరుక్కుపోయింది. అమ్మిన షాపువాళ్లు 'మీకు గేర్లు వేయడం రాదు' అన్నారు.
— పాఠకుడు, కరీంనగర్

మీకు వచ్చు, సైకిల్‌కే సర్వీసింగ్ కావాలి. ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటిది అందరికీ వచ్చేదే. కొత్త సైకిల్లో గేరు తీగ, దాని తొడుగు వాడకంలో సర్దుకుని కొద్దిగా వదులవుతాయి. మీరు 3కి నొక్కినప్పుడు తీగ చైనుని పూర్తిగా లాగలేక మధ్యలో వదిలేస్తుంది, ఆ టకటక అదే. వెనక డిరైలర్లోకి తీగ దూరే చోట వేళ్లతో తిప్పగలిగే గుండ్రటి మర ఒకటి ఉంటుంది, చుట్టూ గీతలుంటాయి. కొన్ని సైకిళ్లలో హ్యాండిల్ దగ్గర, మీటలోంచి తీగ బయటికొచ్చే చోట ఉంటుంది. డిరైలర్ దగ్గరిదైతే సైకిల్ వెనక నుంచి చూస్తూ, గడియారం ముల్లు తిరిగే దిక్కుకి ఎదురుగా పావు చుట్టు తిప్పండి. తీగ బిగుస్తుంది. పెడల్ తిప్పుతూ 4 నుంచి 3కి వేసి చూడండి. ఇంకా తడబడితే ఇంకో పావు. ఎక్కువ బిగిస్తే తిరుగు ప్రయాణంలో, అంటే 3 నుంచి 4కి వచ్చేటప్పుడు మొరాయిస్తుంది. అప్పుడు పావు చుట్టు వెనక్కి. దీనికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ఈ మర గురించి కొనేవాళ్లకి ఒక్క నిమిషం చెప్పి పంపిస్తే సగం ఫిర్యాదులు ఉండవు, కానీ చెప్పరు.

రెండోది ప్రమాదం. అది సరిచేసేదాకా 1లో వేయకండి. నడుస్తుండగా చైను పుల్లల్లో పడితే వెనక చక్రం పట్టేస్తుంది, డిరైలర్ లోపలికి పోయి విరుగుతుంది. సైకిల్ ఈమధ్య కుడివైపుకి పడిందా? ఎవరైనా పార్కింగ్‌లో దాని మీద ఇంకో బండి ఆనించారా? అలా పడితే డిరైలర్ వేలాడే కొక్కెం లోపలికి వంగుతుంది. వెనక నుంచి, కళ్లు చక్రం ఎత్తుకి తెచ్చి చూడండి. కింద రెండు చిన్న చక్రాలూ ఫ్రీవీలు పళ్లతో ఒకే వరసలో నిలువుగా ఉండాలి. కింది కొస పుల్లల వైపుకి ఒరిగి ఉంటే కొక్కెం వంగినట్టే. మెకానిక్ దాన్ని సరిచేయాలి, అల్యూమినియం ఫ్రేములకైతే చాలావాటికి ఆ కొక్కెం విడిగా దొరుకుతుంది, మార్చేయొచ్చు. కొక్కెం తిన్నగా ఉంటే, డిరైలర్ మీద పక్కపక్కనే రెండు చిన్న స్క్రూలున్నాయి చూడండి, హెచ్ అని ఒకటి, ఎల్ అని ఒకటి. ఎల్ అన్నది చైను పెద్ద చక్రం దాటి పోకుండా ఆపే హద్దు. దాన్ని గడియారం ముల్లు తిరిగే దిక్కుకి కొద్దికొద్దిగా బిగించాలి. చైను పెద్ద చక్రం మీదికి ఎక్కాలి, దాన్ని దాటకూడదు, అక్కడితో ఆపాలి. కొక్కెం వంగి ఉండగా ఈ స్క్రూ బిగిస్తే మాత్రం జబ్బుని దాచిపెట్టడమే.

సైకిల్ కింద పడుకోబెట్టాల్సి వస్తే ఎప్పుడూ ఎడమవైపుకి. గేరు సెట్టు ఆకాశం వైపు ఉండాలి.

అక్కా, నెదర్లాండ్స్‌లో చదువుకుంటున్నాను. ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొన్న సైకిల్ హ్యాండిల్ మీద 1, 2, 3 అని గేర్లున్నాయి, వెనక చూస్తే ఒక్కటే పళ్ల చక్రం! వెనక్కి తొక్కితే బ్రేకు పడుతోంది. మన దగ్గరలాగే తొక్కుతూ గేరు మారిస్తే లోపల కటక్ మంటోంది. గేర్లు ఎక్కడున్నాయి?
— గుంటూరు అమ్మాయి, ఐండ్‌హోవెన్

నీ గేర్లు వెనక చక్రం నడిబొడ్డున, హబ్ లోపల ఉన్నాయమ్మా. మధ్యలో ఒక పళ్ల చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటి బయట ఒక పళ్ల కంకణం, అన్నీ మూసిన డబ్బాలో. కొత్త సంగతేం కాదు. ఇంగ్లండులో స్టర్మీ-ఆర్చర్ కంపెనీ వాళ్లు 1902 ప్రాంతంలోనే మూడు గేర్ల హబ్ తెచ్చారు. మా నాన్న దగ్గరికి అలాంటి పాత సైకిల్ ఒకటి వచ్చేది. దాన్ని విప్పడమంటే ఆయనకి పండగ, బల్ల మీద పాత పేపరు పరిచి ముక్కలన్నీ వచ్చిన వరసలోనే పేర్చేవాడు, మమ్మల్ని ఆ దరిదాపులకి రానిచ్చేవాడు కాదు.

దీనికి సూత్రం పూర్తిగా తిరగబడుతుంది. నేను విజయవాడ ఆయనకి చెప్పింది నువ్వు మర్చిపో. ఇక్కడ గేరు మార్చేటప్పుడు కాళ్లు ఒక్క క్షణం ఆపాలి, మార్చాలి, మళ్లీ తొక్కాలి. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు కూడా 3 నుంచి 1కి నిక్షేపంగా మారుతుంది. ఆ కటక్ చప్పుడు బలంగా తొక్కుతూ మార్చడం వల్ల. ఆపి మార్చాక కూడా వస్తుంటే తీగ సర్దించు.

సాధారణంగా 2 అంటే సూటిగా వచ్చేది, వెనక పళ్ల చక్రం ఎంత తిరిగితే చక్రమూ అంతే తిరుగుతుంది, 1 దానికంటే పాతిక శాతం తేలిక, 3 ముప్ఫై మూడు శాతం బరువు. వేర్వేరు కంపెనీల్లో కొంచెం అటూ ఇటూ. 1కీ 3కీ తేడా రెండు రెట్లు కూడా లేదు. పైన మన విశాఖ తమ్ముడి సైకిల్లో మూడున్నర రెట్లు. అక్కడ కొండలు లేవు కాబట్టి సరిపోతుంది, వాన నీళ్లు, మంచుకని రోడ్ల మీద చల్లే ఉప్పు లోపలికి పోవు కాబట్టి అక్కడికి అదే మేలు కూడా. అక్కడి కొండ ఎదురుగాలి. ఆ గాలిలో 1 వాడటానికి నామోషీ పడకు. పక్కన ముసలావిడ నిన్ను దాటిపోతే, అది బ్యాటరీ సైకిల్ అయ్యుంటుంది.

డౌన్లో న్యూట్రల్ వేయొచ్చా?
— పాఠకుడు, శృంగవరపుకోట

సైకిల్‌కి న్యూట్రల్ లేదు, అవసరమూ లేదు. తొక్కడం ఆపితే ఫ్రీవీలు దానంతటదే తిరుగుతుంది. మీరు అనంతగిరి ఘాట్ దిగుతున్నారనుకుంటాను. దిగడం మొదలుపెట్టకముందే, పెడల్ దగ్గర పెద్ద చక్రం, వెనక చిన్న చక్రాల్లో ఒకటి వేసుకోండి. చైను బిగుతుగా ఉండి గతుకుల్లో ఎగిరి ఊడిపోదు, కింద చదును తగలగానే కాలికి పట్టు దొరుకుతుంది. మలుపులో కాదు, మలుపుకి ముందే బ్రేకు, రెండు చేతులతోనూ. ఒకే పట్టున నొక్కి ఉంచకుండా పట్టి వదులుతూ దిగండి, రిమ్ము మరీ వేడెక్కదు.

చైనుకి కొబ్బరినూనె రాయొచ్చా? ఇంట్లో అదే ఉంటుంది. మాది సముద్రం పక్కనే.
— గృహిణి, భీమిలి

వద్దండి. మొదటి రోజు నున్నగా ఉంటుంది, వారానికి బంకలా తయారై బీచ్ ఇసుకంతా పట్టుకుంటుంది. ఆ ఇసుక పళ్లని ఆకురాయిలా అరగదీస్తుంది. పాత ఇంజన్ ఆయిలూ అంతే. కిరోసిన్ కానీ డీజిల్ కానీ తడిపిన గుడ్డతో చైను తుడిచి, ఆరనిచ్చి, సైకిల్ చైన్ ఆయిల్ ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క వేసి, పెడల్ వెనక్కి నాలుగు చుట్లు తిప్పి, పైన మిగిలిందంతా పొడి గుడ్డతో తుడిచేయండి. నూనె లింకుల లోపల ఉండాలి, మీద కాదు. భీమిలి గాలికి పది పదిహేను రోజులకోసారి ఈ పని తప్పదు.

చైను అరిగిందో లేదో తెలియాలంటే పిల్లల స్టీలు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి అక్కడి నుంచి 24 లింకులు లెక్కపెట్టండి. కొత్త చైనుకి 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల మీద ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు దాటిపోతే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటిందంటే ఫ్రీవీలు పళ్లు కూడా దాంతో పాటే అరిగి ఉంటాయి, కొత్త చైను ఒక్కటే వేస్తే జారుతుంది. ముఖ్యంగా మీరు ఎక్కువగా తొక్కిన గేరులో. ఏ గేరులో జారుతోందో మెకానిక్‌కి చెప్పండి, కొన్ని రకాల్లో మొత్తం సెట్టు మార్చక తప్పదు గానీ, అడగనిదే అన్నీ కలిపి బిల్లు వేసేవాళ్లూ ఉన్నారు.